వాటర్ సార్ట్: ఖాళీ సీసాను కాపాడుకునే ఆట

ఫోన్‌లో తీరిగ్గా ఆడుకునే పజిళ్లలో వాటర్ సార్ట్ నియమాలు చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. తెర మీద కొన్ని సీసాలుంటాయి. ఒక్కోదాంట్లో నాలుగు పొరల రంగునీళ్లు, పొరకి ఒక వంతు చొప్పున, కలగాపులగంగా ఉంటాయి. పక్కనే రెండు ఖాళీ సీసాలు. ఒక సీసా పై పొరను ఇంకోదాంట్లోకి ఒంపాలంటే అక్కడ చోటుండాలి, పైన అదే రంగుండాలి. లేదా ఆ సీసా పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఏ రంగుకి ఆ రంగు ఒక్కో సీసాలో చేరిపోతే లెవెల్ అయిపోయినట్టే.

పైన ఒకే రంగు రెండు మూడు వంతులు కలిసి ఉంటే ఒక్క ఒంపుతో అన్నీ వెళ్లిపోతాయి. అవతల చోటు తక్కువైతే పట్టినంతే వెళ్లి మిగతాది ఉండిపోతుంది. కొన్ని యాప్‌లు మాత్రం మొత్తం పట్టకపోతే అసలు ఒంపనివ్వవు. మీ ఫోన్‌లో ఉన్నది ఏ రకమో మొదటి పది లెవెళ్లలోనే చూసుకోండి. ముందు ముందు లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఈ ఆటలో అదృష్టం లేదు. 2048 అనే అంకెల పలకల ఆటలో ప్రతి ఎత్తు తర్వాత కొత్త పలక ఎక్కడ పడుతుందో, అది 2 అవుతుందో 4 అవుతుందో మన చేతిలో లేదు. మూడు కలిపే మిఠాయి ఆటల్లో పైనుంచి ఏం రాలుతుందో తెలియదు. వాటర్ సార్ట్‌లో మామూలు లెవెళ్లలో ఉన్నదంతా మొదటి క్షణం నుంచే కళ్ల ముందుంటుంది. వేలు పెట్టకుండా రెండు నిమిషాలు చూస్తూ కూర్చున్నా ఏమీ నష్టం లేదు, టైమర్ లేదు కాబట్టి. మనసు కుదుటపడేది కూడా అందుకే అనుకుంటాను. టైమర్ పెట్టిన వాటర్ సార్ట్‌లు కూడా ఉన్నాయి. అవి వేరే ఆట కింద లెక్క.

చాలామంది ఇరుక్కుపోయే చోటు ఒకటే. రంగులు కలపడం మీద చూపు పెట్టి ఖాళీ సీసాల్ని ఉదారంగా ఖర్చు చేసేస్తారు. ఈ ఆటలో ఖాళీ సీసా చేతిలో రొక్కం లాంటిది. ఒకసారి ఒక రంగుకి ఇచ్చేశాక అది తిరిగి రావాలంటే, ఇంకో సీసా పూర్తిగా ఖాళీ కావాలి. అందుకని ప్రతి ఎత్తుకీ ముందు అడగాల్సింది "ఏ రంగు ఎక్కడ కలుస్తుంది" అని కాదు, "ఈ ఒంపు తర్వాత ఖాళీ సీసాలు ఎన్ని ఉంటాయి, పోయినది ఎన్ని ఎత్తుల్లో వెనక్కి వస్తుంది" అని.

ఒక చిన్న లెవెల్ తీసుకుందాం. నాలుగు రంగులు, ఆరు సీసాలు. పైనుంచి కిందికి చదవండి.

1వ సీసా: ఎరుపు, నీలం, పచ్చ, పసుపు
2వ సీసా: పసుపు, ఎరుపు, నీలం, పచ్చ
3వ సీసా: పసుపు, నీలం, పచ్చ, ఎరుపు
4వ సీసా: పసుపు, పచ్చ, ఎరుపు, నీలం
5, 6: ఖాళీ

కొత్తగా ఆడేవాళ్లకి వెంటనే తట్టే ఆలోచన ఏమిటంటే, 1వ సీసాని దించేద్దాం, అడుగున పసుపు దొరుకుతుంది, మూడు పసుపులూ దాని మీద పోసేద్దాం అని. వినడానికి బాగానే ఉంటుంది. ఎరుపు 5లోకి, నీలం 6లోకి వెళతాయి. అంతే, రెండే ఎత్తుల్లో ఆట కట్టు. ఇప్పుడు పైన కనిపించేవి వరసగా పచ్చ, పసుపు, పసుపు, పసుపు, ఎరుపు, నీలం. చోటున్న సీసాలు మూడు: 1, 5, 6. వాటి పైన ఉన్నవి పచ్చ, ఎరుపు, నీలం. ఆ మూడు రంగుల్లో ఏదీ ఇంకే సీసా పైనా లేదు. మూడు పసుపులూ నిండు సీసాల నెత్తిన కూర్చున్నాయి, వాటికి పోవడానికి దారే లేదు. మొత్తం ఎనిమిది వంతుల చోటు ఖాళీగా ఉన్నా ఒక్క చుక్క కదలదు.

అదే లెవెల్‌ని పసుపుతో మొదలుపెట్టి చూడండి. 2, 3, 4 సీసాల నుంచి పసుపుని వరసగా 5లోకి ఒంపండి. మూడు ఎత్తులు, ఖర్చయింది ఒకే సీసా. ఇప్పుడు 2 పైన ఎరుపు, 3 పైన నీలం, 4 పైన పచ్చ తేలాయి. ఒక్కోదాంట్లో ఒక్కో వంతు చోటుంది. 1వ సీసాని పైనుంచి దించితే ఎరుపు 2లోకి, నీలం 3లోకి, పచ్చ 4లోకి, అడుగు పసుపు 5లోకి చక్కగా సర్దుకుంటాయి. ఏడు ఎత్తులయ్యేసరికి పసుపు నిండింది, 1వ సీసా ఖాళీ అయింది. 6వ సీసాని ఇంకా ముట్టుకోనే లేదు.

మిగిలింది తేలిక. 2లోని రెండు ఎరుపులు 1లోకి. 3లోని రెండు నీలాలు 2లోకి. 4లోని రెండు పచ్చలు 3లోకి. 4లో తేలిన ఎరుపు 1లోకి. ఇప్పుడు 4లో నీలం ఒక్కటే ఉంది కాబట్టి 2లోని మూడు నీలాలు దాని మీదికి. 2లో పచ్చ ఒక్కటే మిగిలింది, 3లోని మూడు పచ్చలు అక్కడికి. 3లో మిగిలిన ఎరుపు 1లోకి. మొత్తం పద్నాలుగు ఎత్తులు. చివరిదాకా 6వ సీసా పొడిగానే ఉంది.

రెండు దారుల్లోనూ మొదట్లో పైనున్న పొరల్నే కదిపాం. మొదటిది రెండే ఎత్తుల్లో చచ్చింది, రెండోది ఒక సీసా మిగుల్చుకుంది. తేడా ఎక్కడంటే, పసుపు మూడు సీసాల పైన ఉంది, దానికి ఒక్క సీసా ఇస్తే మూడు సీసాల్లో తలుపు తెరుచుకుంటుంది. ఎరుపుకి ఇస్తే ఒక్క దాంట్లోనే తెరుచుకుంటుంది, దాని కింద వచ్చే నీలానికి మళ్లీ ఇంకో సీసా కావాలి. ఖాళీ సీసాని ఎప్పుడూ ఎక్కువ తలల మీదున్న రంగుకే ఇవ్వాలి. ఎత్తు వేయబోయే ముందు పై పొరల్ని మాత్రం ఒకసారి ఎడమ నుంచి కుడికి చదువుకుంటే ఆ రంగేదో ఇట్టే తెలిసిపోతుంది.

ఎత్తే లేని పరిస్థితి ఎప్పుడు వస్తుందో లెక్క వేసి చెప్పొచ్చు. రంగుల కంటే సీసాలు రెండు ఎక్కువ, కాబట్టి ఎప్పుడు చూసినా మొత్తం మీద ఎనిమిది వంతుల చోటుంటుంది. పూర్తి ఖాళీ సీసా ఒక్కటీ లేనప్పుడు ఒక్కో సీసాలో మూడు వంతులకి మించి చోటుండదు, అంటే ఆ ఎనిమిది వంతులు కనీసం మూడు సీసాల్లో పరుచుకుని ఉంటాయి. చోటున్న ఆ సీసాలన్నిటి పైనా వేర్వేరు రంగులుండి, ఆ రంగులు మరే సీసా పైనా లేకపోతేనే ఆట ఆగిపోతుంది. నిండు సీసాల పైన మిగతా రంగులే పదే పదే కనిపిస్తుండాలి. ఈ లెక్క ప్రకారం, పట్టినంత ఒంపనిచ్చే ఆటలో, మూడు రంగులు ఐదు సీసాల లెవెల్‌లో ఎత్తే లేకుండా ఆగిపోవడం అసాధ్యం. నాలుగు రంగులకైతే ఆగిపోయే రూపం ఒకటే, మన పసుపులాగా ఒకే రంగు మూడు నిండు సీసాలకీ మూత వేసి కూర్చోవడం. పన్నెండు రంగుల లెవెల్‌లో రూపాలు చాలా ఉంటాయి గానీ జబ్బు మాత్రం అదే.

ఇంకో రకం ఇరుకు ఉంది, అది చప్పున కంటపడదు. ఎత్తులు ఉంటాయి, కానీ అటు ఒంపినదే ఇటు ఒంపడం తప్ప ఏమీ ఉండదు. ఒకే రంగున్న రెండు సీసాల మధ్య ఒక్క పొర అటూ ఇటూ తిరుగుతుంటే ఆట బతికే ఉందని భ్రమ పడకండి. అక్కడే ఆపి వెనక్కి వెళ్లడం నయం. అలాగే ఒకే రంగు మాత్రమే ఉన్న సీసాని ఖాళీ సీసాలోకి ఒంపడం వట్టి వృథా ఎత్తు, దానివల్ల మారేది ఏమీ లేదు. ఎత్తుల సంఖ్య లెక్కపెట్టే యాప్ అయితే నక్షత్రం కూడా పోతుంది.

ఇక పెద్ద లెవెళ్లు. పది పన్నెండు రంగులున్నప్పుడు పైపొరలు చూస్తే సరిపోదు, అడుగు చూడాలి. ప్రతి రంగుకీ ఒక ఇల్లు కావాలి కదా. ఏదో ఒక సీసా అడుగున ఉన్న రంగుకి ఇల్లు అప్పుడే ఉన్నట్టు. పైనున్న మూడు పొరలు తొలగితే అక్కడే నిండుతుంది, కొత్త సీసా అక్కర్లేదు. ఏ సీసా అడుగునా లేని రంగుకి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ సీసా ఇవ్వక తప్పదు. ఇది అందరూ వదిలేసే లెక్క. ఏదైనా రంగు రెండు సీసాల అడుగున ఉంటే, ఆ మేరకు ఇంకో రంగు ఏ అడుగునా లేకుండా పోతుంది, ఎందుకంటే రంగులు ఎన్నో నిండు సీసాలూ అన్నే. మొదలుపెట్టే ముందే ఈ ఇల్లు లేని రంగులేవో గుర్తించండి. ఉన్న రెండు ఖాళీ సీసాలకి అసలైన హక్కుదార్లు అవే. అవి పై పొరల్లో రెండు మూడు చోట్ల ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా వాటితోనే మొదలుపెట్టొచ్చు.

ఒకే రంగు మూడు నాలుగు సీసాల అడుగున పడి ఉంటే దాని జోలికి వెళ్లకండి. అది చివర్లో తనంతట తానే తేలుతుంది. మొదట్లోనే దాన్ని తవ్వితీయాలంటే మూడు సీసాలు ఖాళీ చేయాలి, అంత స్తోమత అప్పటికి ఉండదు.

ఏ సీసాని ముందు ఖాళీ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. పై పొర నుంచి కిందికి ఒక్కో రంగునీ చూస్తూ "దీనికి ఇప్పుడు చోటుందా" అని అడుగుతూ రండి. మూడు పొరలకీ చోటు దొరికి, అడుగున ఉన్నది ఇంకోచోట కలిసిపోయేలా ఉంటే ఆ సీసా బంగారం, దానివల్ల ఖాళీ సీసా చేతికొస్తుంది. రెండు పొరల దగ్గర ఆగిపోతే ఆ సీసాని సగంలో వదిలేసి పోవడమే అవుతుంది. సగం దించిన సీసాలు నాలుగైదు పోగుపడ్డాయంటే తెర నిండా చోటున్నట్టే కనిపిస్తుంది, ఒక్కటీ అక్కరకు రాదు. ఒక సీసా మొదలుపెడితే అది ఖాళీ అయ్యేదాకా దాని మీదే ఉండటం మంచి అలవాటు. మధ్యలో ఉచితంగా కలిసే ఎత్తులు కనిపిస్తే వేయొచ్చు గానీ, అవి కూడా ఒకసారి చూసి వేయాలి.

ఎందుకంటే ఉచితమనిపించే ఎత్తులోనూ ఒక మెలిక ఉంది, ఎటు నుంచి ఎటు ఒంపుతున్నాం అన్నది. ఒక సీసాలో పైన నారింజ, కింద రెండు ఊదాలు ఉన్నాయనుకోండి. ఇంకో సీసాలో పైన నారింజ, దాని కింద గులాబీ, అడుగున బూడిద. రెండింట్లోనూ ఒక్కో వంతు చోటుంది. మూడో సీసాలో ఊదా తేలి ఉంది, రెండు వంతుల చోటుంది. నారింజని మొదటి దాంట్లోంచి రెండోదాంట్లోకి ఒంపితే రెండు ఊదాలు తేలి, మూడో సీసాలోకి వెళ్లిపోయి, మొదటి సీసా ఖాళీ అవుతుంది. రెండే ఎత్తుల్లో ఖాళీ సీసా లాభం. అదే అటు నుంచి ఇటు ఒంపితే గులాబీ తేలుతుంది, ఆ సమయానికి గులాబీకి ఎక్కడా చోటు లేకపోతే సాధించింది సున్నా, పైగా ఊదాలున్న సీసా నిండిపోయి బిగుసుకుంటుంది. కలిసింది అదే రంగు, అదే ఎత్తు, ఫలితం మాత్రం నేలకీ నింగికీ ఉన్నంత తేడా. కాబట్టి ఒకే రంగు రెండు తలల మీద కనిపించగానే వేలు పెట్టేయకుండా, రెండింటి కింద ఏముందో చూసి, ఏది తేలితే పనికొస్తుందో దాన్ని తేల్చండి.

ఒక సందర్భంలో మాత్రం ఆలోచించక్కర్లేదు. ఒక రంగు నాలుగు వంతులూ పైన తేలి ఉండి, వాటిలో ఒకటి ఆ రంగు మాత్రమే ఉన్న సీసాలో ఉంటే వెంటనే పూర్తి చేసేయొచ్చు. ఆ సీసా ఆట నుంచి తప్పుకుంటుంది, మిగిలేది ఒక రంగు తక్కువైన చిన్న లెవెల్.

వేసిన ఎత్తుని వెనక్కి తీసుకునే అన్‌డూ గురించి. చాలా యాప్‌లు లెవెల్‌కి కొన్ని అన్‌డూలే ఇస్తాయి, అవి అయిపోతే యాడ్ చూడమంటాయి. లెవెల్‌ని మొదటి నుంచి మొదలుపెట్టే బటన్‌కి మాత్రం సాధారణంగా ఖర్చు ఉండదు. పదిహేను ఎత్తులు వెనక్కి వెళ్లాల్సి వస్తే అన్‌డూలు కరిగించకుండా నేరుగా మొదటికి వెళ్లండి. తిరిగి మొదలుపెట్టినా రంగుల అమరిక మారదు, దాదాపు అన్ని యాప్‌లలోనూ అంతే. తప్పు చాలాసార్లు ఇరుక్కున్న చోట ఉండదు, రెండో ఖాళీ సీసా ఖర్చయిన చోట ఉంటుంది. ఆ ఎత్తేదో గుర్తుపెట్టుకుంటే చాలు, రెండోసారి అక్కడిదాకా అవే ఎత్తులు వేసి, అక్కడ దారి మార్చండి.

అదనపు సీసా అనే సౌకర్యం అన్నిటికంటే బలమైనది. యాడ్ చూస్తే ఒక ఖాళీ సీసా కలుపుతారు; కొన్ని ఆటల్లో ముందు ఒక్క వంతు పట్టే చిన్న సీసానే ఇచ్చి, మళ్లీ యాడ్ చూసినప్పుడు దాన్ని పెంచుతారు. ఎనిమిది వంతుల చోటు పన్నెండు అయితే కష్టమైన లెవెల్ కూడా చప్పబడిపోతుంది. నా మటుకు నాకు అది ఆటలో ఉప్పు తీసేయడమే. ఇక హింట్ బటన్ తర్వాతి ఎత్తు చూపిస్తుందే తప్ప, ఎందుకో చెప్పదు. ఇప్పటికే చచ్చిన ఆటలో నొక్కితే కొన్ని యాప్‌లు మొదటి నుంచి మొదలుపెట్టమంటాయి, అప్పటికే యాడ్ చూసేసి ఉంటారు.

ప్రశ్నార్థకాల లెవెళ్లు వేరే జాతి. పై పొర ఒక్కటే కనిపిస్తుంది, కింద ఉన్నవి ప్రశ్నార్థకాలుగా ఉంటాయి, పైది తొలగితేనే కిందిది బయటపడుతుంది. ఇక్కడ ముందుచూపు పనిచేయదు కాబట్టి మొదటి ప్రయత్నాన్ని గెలవడానికి కాక చూడటానికి వాడుకోండి. ఖాళీ సీసాలు దర్జాగా ఖర్చుపెట్టి వీలైనన్ని పొరలు బయటపెట్టి, ఏ సీసాలో ఏముందో ఒక కాగితం మీద రాసుకుని, మొదటికి వెళ్లండి. రాసేటప్పుడు రంగుల పేర్లు పూర్తిగా రాయక్కర్లేదు, తొలి అక్షరం చాలు: ఎ, నీ, ప, ఊ. పసుపు, పచ్చ రెండూ ఉంటే పసుపుకి "ప", పచ్చకి "చ" అని పెట్టుకుంటే తికమక ఉండదు. కొన్ని యాప్‌లు తిరిగి మొదలుపెట్టినా బయటపడ్డ రంగుల్ని అలాగే చూపిస్తాయి, అప్పుడు కాగితం కూడా అక్కర్లేదు.

బాల్ సార్ట్ అనే ఆట దీనికి అక్కాచెల్లెలు. నీళ్లకి బదులు బంతులు, ఒక్కోసారి ఒక్క బంతే కదులుతుంది. ఒకే అమరికని నీళ్లుగా ఇచ్చినా బంతులుగా ఇచ్చినా, ఒకటి పరిష్కారమైతే రెండోదీ అవుతుందని జపాన్‌కి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్తలు 2022లో నిరూపించారు. అదే పరిశోధనలో ఇవి ఎన్‌పీ-కంప్లీట్ కోవలోకి వస్తాయని కూడా తేల్చారు. సీసాల సంఖ్య పెరిగేకొద్దీ, ఏ అమరికకైనా దారి ఉందో లేదో వేగంగా చెప్పేసే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియని కోవ అది. యాభై లెవెళ్లు గబగబా ఆడేసి యాభై ఒకటో దాంట్లో అరగంట కూర్చోవాల్సి వస్తే చిన్నబోవాల్సిన పని లేదు.

లెవెల్ నంబరుని బట్టి కష్టం అంచనా వేయడం కూడా తప్పే. వేలకొద్దీ లెవెళ్లున్న యాప్‌లో ప్రతి లెవెల్నీ మనిషి కూర్చుని తయారు చేయడు, ప్రోగ్రామ్ తయారు చేస్తుంది. నాలుగు రంగుల్ని నాలుగు సీసాల్లో నింపడానికే 6,30,63,000 అమరికలున్నాయి. వాటిలో సీసాల వరస మారినవీ, రంగుల పేర్లు తారుమారైనవీ నిజానికి ఒకే ఆట, అయినా మిగిలేవి బోలెడు. ప్రోగ్రామ్ రంగుల్ని చిత్తుగా కలిపి, దారి ఉందో లేదో ఒక సాల్వర్‌తో వెతికిస్తుంది. సాల్వర్ చేసే పనిలో పెద్ద మాయ లేదు. ఒక దారి పట్టుకుని పోతుంది, ఆగిపోతే వెనక్కి వచ్చి ఇంకో దారి పడుతుంది, ఒకసారి చూసిన అమరికని మళ్లీ చూడకుండా గుర్తుపెట్టుకుంటుంది. సీసాల వరస ఎలా ఉన్నా ఆట ఒకటే కాబట్టి వాటిని ఒక క్రమంలో పేర్చి పోల్చుకుంటే వెతుకులాట బాగా తగ్గుతుంది. ఈ పరీక్ష సరిగ్గా చేయని యాప్‌లో దారే లేని లెవెల్ ఎదురుకావచ్చు. అలాంటి చోట అదనపు సీసా తీసుకోవడంలో సిగ్గేమీ లేదు.

రంగుల సంగతి. పన్నెండు రంగులు దాటితే ముదురు నీలం, ఊదా పక్కపక్కన పడి మోసం చేస్తాయి. గోధుమరంగు, నారింజ కూడా అంతే. రాత్రిపూట ఫోన్‌లో నీలికాంతి తగ్గించే మోడ్ ఆన్‌లో ఉంటే తెర పసుపుబారి, తెలుపూ లేత పసుపూ కలిసిపోతాయి, నీలం ఆకుపచ్చగా కనబడుతుంది. సరైన రంగు మీద పోస్తున్నా సీసా కదలడం లేదంటే చాలాసార్లు తప్పు ఆటది కాదు, ఈ మోడ్‌ది. ఆడుతున్నంతసేపు దాన్ని ఆపేసి, బదులుగా తెర వెలుతురు తగ్గించి ఆడండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపెట్టలేనివాళ్లు, మగవాళ్లలో వీళ్లు ఎక్కువ, ముందు ఆట సెట్టింగ్స్‌లో ప్రతి రంగు మీదా గుర్తు ముద్రించే మోడ్ ఉందేమో చూడాలి. లేకపోతే ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ కరెక్షన్ ఉంటుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలోనే డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ తెరిస్తే కలర్ ఫిల్టర్స్ కనిపిస్తాయి.

వేలు తప్పు సీసా మీద పడటం చిన్న తెరల్లో మామూలే. సీసా ఎంచుకున్నాక అది కాస్త పైకి లేస్తుంది. అది లేచిందో లేదో చూశాకే రెండో సీసా నొక్కండి. పొరపాటున ఎంచుకుంటే మళ్లీ దాన్నే నొక్కితే దిగిపోతుంది, అన్‌డూ ఖర్చు కాదు. ఒంపే బొమ్మ కదులుతుండగానే తర్వాతి ఎత్తు వేయనిచ్చే యాప్‌లలో ఈ పొరపాట్లు ఎక్కువ, అక్కడ తొందర తగ్గించుకోవాలి.

ఇక యాప్ ఎంచుకోవడం. ఈ పేరుతో ఉన్నవి లెక్కలేనన్ని, ఆట దాదాపు అన్నిట్లోనూ ఒకటే. కాబట్టి చూడాల్సింది ఆట చుట్టూ ఏం పెట్టారన్నదే. ప్రాణాలు అయిపోతే అరగంట ఆగమనేది, రోజూ రాకపోతే వరస తెగిపోతుందని బెదిరించేది, లెవెల్ మధ్యలో యాడ్ వేసేది, ఈ మూడింట్లో ఏది కనిపించినా తీసేసి ఇంకోటి వెతుక్కోండి. సేదతీరడానికి పెట్టుకున్న ఆటలో హాజరుపట్టీ ఎందుకు?

ఇన్‌స్టాల్ చేసే ముందు ప్లే స్టోర్ పేజీలో డేటా సేఫ్టీ భాగం తెరిచి ఏమేం సేకరిస్తారో చూడండి. సీసాలో నీళ్లు ఒంపడానికి కాంటాక్ట్స్‌తో గానీ లొకేషన్‌తో గానీ పని లేదు, అడిగితే ఒప్పుకోవద్దు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి కూడా అనుమతి అడగాలి, అక్కడ వద్దని నొక్కితే "మీ సీసాలు ఎదురుచూస్తున్నాయి" లాంటి గోల తప్పుతుంది. అంతకుముందు వెర్షన్ అయితే యాప్ ఐకాన్ మీద వేలు నొక్కిపట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి నోటిఫికేషన్లు ఆపేయొచ్చు. ఐఫోన్‌లో ట్రాక్ చేయనివ్వాలా అని అడిగితే వద్దనండి, ఆట ఏమీ మారదు.

ఈ ఆట నడవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. డేటా ఆపేసి ఆడితే చాలా యాప్‌లలో వీడియో యాడ్లు రావు, బ్యాటరీ కూడా నిలుస్తుంది. బదులుగా యాడ్ చూస్తే ఇచ్చే హింట్లు, అదనపు సీసా కూడా రావు. నెట్ లేకపోతే తెరవనే తెరవని యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటిని ఎందుకు అలా కట్టారో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు కట్టి యాడ్లు తీసేయాలనుకుంటే, అది ఒక్కసారి కట్టేదా, వారం వారం కోసుకునేదా అన్నది చెల్లింపు పేజీలో చదివి మరీ నొక్కండి. మూడు రోజులు ఉచితం అని పెద్ద అక్షరాల్లో, తర్వాత వారానికి ఇంత అని సన్నటి అక్షరాల్లో ఉండే పేజీలు ఈ రకం ఆటల్లో తరచూ కనిపిస్తాయి. యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో గానీ యాప్ స్టోర్‌లో గానీ మీ ఖాతాలోని సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. యాడ్లు తీసేయడానికి కట్టిన తర్వాత కూడా, హింట్ కోసం మనంతట మనం నొక్కే యాడ్లు చాలా చోట్ల అలాగే ఉంటాయి, తీసేది లెవెళ్ల మధ్య వచ్చేవాటినే.

ఫోన్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఖాతాతో కలపని యాప్‌లలో ఎన్నో లెవెల్లో ఉన్నామన్నది ఆ ఫోన్లోనే ఉంటుంది. స్థలం కోసం కాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) క్లియర్ చేస్తే ఏమీ పోదు. దాని పక్కనే ఉండే డేటా లేదా స్టోరేజ్ క్లియర్ చేసే బటన్ నొక్కితే మాత్రం మళ్లీ ఒకటో లెవెలే. కొన్న వస్తువు కొత్త ఫోన్‌లో కనిపించకపోతే మళ్లీ డబ్బు కట్టకండి. అదే ఖాతాతో లాగిన్ అయ్యి, ఆట సెట్టింగ్స్‌లో రీస్టోర్ పర్చేజ్ నొక్కితే యాడ్లు ఆగిపోతాయి. లెవెల్ నంబరు మాత్రం దాంతో తిరిగి రాదు.